కృపారాణి టీచరు గట్టు దారి

నడిపేటలో ఎవరికైనా కృపారాణి టీచరుతో పని పడితే ఇంటికి వెళ్లి తలుపు కొట్టడం దండగ. కాలువ గట్టెక్కి చూడాలి. బడి ఉన్న రోజైతే సాయంత్రం, లేని రోజైతే పొద్దున్నే, ఆవిడ గట్టు మీద ఎక్కడో ఒకచోట సైకిలుకి స్టాండు వేసి, చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, కొడవలి పట్టుకుని సర్కారు తుమ్మ కొమ్మల మీద యుద్ధం చేస్తూ కనిపిస్తుంది. యాభై దాటిన మనిషి. పొట్టి. కళ్లజోడు ఎప్పుడూ ముక్కు చివరికి జారే ఉంటుంది. "ఏంటండీ టీచరు గారూ, ఈ ముళ్లు మీరు కొట్టాలా?" అని ఎవరైనా జాలిపడితే ఆవిడకి ఆ జాలి నచ్చదు. సంచిలోంచి రెండో కొడవలి తీసి వాళ్ల చేతిలో పెడుతుంది. అందుకే ఊళ్లో తెలివైనవాళ్లు జాలిపడకుండా తల వంచుకుని చక్కా పోతారు.

చుట్టుపక్కల టీచర్లంతా స్కూటీలకి మారి ఏళ్లయింది. ఈవిడ మాత్రం లేడీస్ సైకిలు వదల్లేదు. అది పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. తండ్రి లూథరన్ సంఘంలో ఉపదేశి. మూడూళ్ల చర్చిలు ఆయనే చూసుకునేవాడు. ఆదివారం ఒక ఊళ్లో ఆరాధన ముగించి, గట్టు వెంట సైకిలు తొక్కుకుంటూ రెండో ఊరు, అక్కడి నుంచి మూడో ఊరు వెళ్లేవాడు. ముందు కడ్డీ మీద కూతురు, వెనక క్యారేజీకి బైబిలూ పాటల పుస్తకమూ ఉన్న సంచి. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా ఈ గట్ల మీద కాలు కింద పెట్టకుండా వెళ్లిపోవచ్చని ఆయన కూతురికి చెప్పేవాడు. కాస్త గొప్పలు చెప్పే మనిషే, అయినా అందులో నిజం లేకపోలేదు. కాలువల్లో పడవలు నడిచిన రోజుల్లో వాటిని తాళ్లతో లాగుతూ మనుషులు నడిచిన గట్లవి. తరవాత రోడ్డొచ్చింది, బస్సొచ్చింది, ఆటోలొచ్చాయి. గట్టును అందరూ మరిచిపోయారు. తుమ్మలు మొలిచాయి, తూములు కుంగిపోయాయి, వీలున్నవాళ్లు వీలున్నంత తమ పొలాల్లో కలిపేసుకున్నారు.

ఆవిడకి గట్టు మళ్లీ గుర్తొచ్చింది రోడ్డు వల్లే. నడిపేట బడి ఏడో తరగతితో సరి. ఎనిమిదికి కాలువ మీది లాకుల దగ్గరున్న హైస్కూలుకి వెళ్లాలి. దూరం మరీ ఎక్కువ కాదు, దారే మంచిది కాదు. చుట్టూ ఉన్న వరిచేలు రొయ్యల చెరువులైపోయాక ఆ ఇరుకు రోడ్డు మీద మేత లారీలు, ఐసు లారీలు, రొయ్యల వ్యాన్లు, అవి చాలవన్నట్టు ఇసుక లారీలు. ఒక ఏడాది ఆవిడ క్లాసులో అందరికంటే బాగా చదివే పిల్లని రొయ్యల వ్యాను గుద్దేసింది. ప్రాణం దక్కింది గానీ కాలు విరిగి ఆ పిల్ల బడి మానేసింది. ఇక అక్కడి నుంచి నడిపేటలో తల్లులందరూ ఆడపిల్లకి ఏడు చాలనుకోవడం మొదలుపెట్టారు. టీచరు ఇంటింటికీ తిరిగింది. చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. వాళ్లు ఎంతో మర్యాదగా "ఆయ్, అలాగేనండి" అనేవారు. బళ్లు తెరిచేసరికి పిల్ల రొయ్యలు ఒలిచే షెడ్డులో కనిపించేది.

వాళ్ల మీద ఆవిడకి ఒళ్లు మండిపోయేది. ఒకనాడు వాళ్లకి బుద్ధి చెప్పాలని తనే సైకిలు మీద ఆ రోడ్డున బయల్దేరింది. ఎనిమిదో తరగతి పిల్లలు వెళ్లే వేళకే బయల్దేరింది. సగం దారిలో ఒక లారీ ఆవిడని ఒరుసుకుంటూ పోయింది. సైకిలుతో సహా పంట బోదెలో పడింది. బురదలోంచి లేచి, కళ్లజోడు వెతుక్కుని, బోదె ఒడ్డున కూర్చుని కాసేపు ఏడ్చింది. ఆ తల్లుల మీద కోపం ఆ బోదెలోనే పోయింది. వెనక్కి రోడ్డు మీదుగా వెళ్లడానికి ధైర్యం చాలక కాలువ గట్టు వెంట, ముళ్లలో సైకిలు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చింది. ఈ గట్టు బాగుంటే పిల్లలు ఇటే వెళ్లొచ్చు కదా అన్న ఆలోచన ఆ ముళ్లలోనే పుట్టింది.

అక్కడక్కడా గట్టు బాగానే ఉంది. ముక్కలు ముక్కలుగా ఉంది, అంతే. ఆ ముక్కలు కలపాలి. మొదటి ముక్క నడిపేట నుంచి, గట్టుకి అడ్డంగా పారే మురుగు కాలువ దాకా. అందులో ముళ్ల కంటే పెద్ద అడ్డం ఒక రైతు గడ్డిమేటు. ఆవిడ ఆయనతో గొడవ పడలేదు. ప్రతి సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, వాళ్లావిడ ఇచ్చిన టీ తాగి, గడ్డిమేటు ఊసెత్తకుండా తిరిగొచ్చేది. కొన్నాళ్లకి ఆ రైతే తట్టుకోలేకపోయాడు. "రేపు తీయించేత్తానండి టీచరు గారూ. మీరు మాత్రం ఇంక శ్రమ తీసుకోకండి," అన్నాడు.

మురుగు కాలువ దాటడానికి రాజమండ్రి సాయపడింది. ఆదివారం పొద్దున్నే రాజమండ్రి నుంచి కొందరు పెద్దమనుషులు ధవళేశ్వరం మీదుగా గట్టు వెంట సైకిళ్ల మీద వచ్చేవారు. ఒంటికి అతుక్కుపోయిన బట్టలు, నెత్తిన హెల్మెట్లు. తలకి బుట్ట బోర్లించుకున్నారని నడిపేట పిల్లలు పడీపడీ నవ్వేవారు. వాళ్లకి పెద్ద సుకుమార్ అని బ్యాంకు మేనేజరు. మురుగు కాలువ దాకా రావడం, అక్కడ ఫొటోలు తీసుకోవడం, వెనక్కి తిరగడం. ఒక ఆదివారం టీచరు వాళ్లకి అడ్డంగా నిలబడింది.

"ప్రతిసారీ ఇక్కడి దాకా వచ్చి తిరిగిపోతున్నారు. అవతల ఏముందో చూడాలని లేదాండీ?"

"దారి లేదు కదా మేడం," అన్నాడు సుకుమార్.

"పదిమంది ఉన్నారు, కండలున్నాయి. దారి లేకపోవడం ఏంటండి?"

ఆయనకి పౌరుషం వచ్చింది. ఎప్పుడో తుఫానుకి పడిపోయి చేలగట్టున పడున్న పాత కరెంటు స్తంభాలు కొన్ని ఉన్నాయి. అడగాల్సిన వాళ్లని అడిగి, తరవాతి ఆదివారం వాటిని ఆ హెల్మెట్ల వాళ్లే నడిపేట కుర్రాళ్లతో కలిసి మోశారు. మురుగు కాలువ మీద పక్కపక్కన పేర్చి, సందుల్లో సిమెంటు పోశారు. ఒక డాక్టరుగారికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఆయన ఆ బొబ్బల్ని కూడా ఫొటో తీసుకున్నాడు. వంతెన మీద మొదట సైకిలు తొక్కింది టీచరే. వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలోనే సుకుమార్ స్నేహితుల ఇళ్లలో మూలపడిన సైకిళ్లు పోగుచేసి, బాగు చేయించి, ఆడపిల్లల కోసం పంపించాడు.

ఆ సైకిళ్లలో ఒకటి మెర్సీది కావాలని టీచరు ఆశ. మెర్సీ ఆ ఏడాదే ఏడో తరగతి పూర్తి చేసింది. చర్చిలో వాక్యం చదివితే వెనక వరస చెవిటి ముసలమ్మకి కూడా వినపడేలా చదివే పిల్ల. తల్లి కువైట్‌లో ఇంటి పని చేస్తుంది. పెంచుతున్నది నాయనమ్మ పాపాయమ్మ. ఊడ్పుల కాలంలో ఊడ్పులు, మిగతా కాలం రొయ్యల షెడ్డు, ఇదీ ఆవిడ బతుకు. ఆ ఏడాది రొయ్యల వ్యాను గుద్దేసిన పిల్ల పాపాయమ్మకి అన్న మనవరాలు. ఆస్పత్రికి ఎత్తుకెళ్లింది పాపాయమ్మే.

"వందనాలండి టీచరు గారూ," అంది పాపాయమ్మ, టీచరు గుమ్మంలోకి రాగానే. ఎందుకొచ్చిందో ఆవిడకి తెలుసు. "మీ మాట కాదంటన్నానని అనుకోకండి. దాన్ని ఆ రోడ్డు మీదకి నేను పంపను. దాని తల్లి ఫోన్ సేత్తే పిల్ల ఎలా ఉందని అడుగుద్ది గానీ ఎంత సదివిందని అడగదు. బళ్లు తెరిసే రోజుకి మీ గట్టు దారి లాకుల దాకా తగులుకుంటే పంపుతాను. తగులుకోలేదా, నాతో షెడ్డుకి వత్తది. మళ్లీ నన్నడగొద్దండి."

మెర్సీ తలుపు వెనక నిలబడి వింటోంది.  టీచరు "సరే పాపాయమ్మా" అని లేచింది. మిగిలింది ఒక్క ముక్కే, చేపలవాళ్ల పాలెం.

పాలెం ఇళ్లు గట్టును ఆనుకునే ఉంటాయి. గట్టు మీద వాళ్ల వలలు ఆరతాయి. ఇంటి ముందు వాకిలి ఎలాగో వాళ్లకి ఆ గట్టు అలాగ. వేసవిలో ఒక పొద్దున టీచరు హడావిడిగా అక్కడికి వెళ్లింది. పాలెం పెద్ద త్రిమూర్తులు ఒక మూల కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. ఆయన్ని చూసిన ఆనందంలో ఆవిడ కింద చూడలేదు. దుమ్ములో సగం కనిపించీ కనిపించని వల అంచు మీంచి సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయింది. పాలెం పాలెమంతా ఒక్కసారి "అయ్యో" అంది.

వలని దాటకూడదు. పాలెంలో పాకే పిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. దాటిన వలకి పసుపు నీళ్లు చల్లి, గంగమ్మకి దీపం పెట్టే దాకా దాన్ని నీళ్లలో వెయ్యరు. ఆ రోజు వేటకి వెళ్లాల్సిన పెద్ద వల అలాగ ఆగిపోయింది. త్రిమూర్తులు కోప్పడలేదు. ఇదీ సంగతి అని నెమ్మదిగా చెప్పాడు. అప్పుడైనా టీచరు ఊరుకుంటే సరిపోయేది. ఎండ, అలసట, దానికి తోడు పాతికేళ్లుగా క్లాసులో తను చెప్పడమే గానీ వినడం అలవాటు లేని నోరు.

"ఈ రోజుల్లో కూడా ఇవన్నీ ఏంటండి పెద్దాయన గారూ?" అనేసింది.

త్రిమూర్తులు చేతిలోని సూది కింద పెట్టాడు. "మీ గుళ్లోకి మేం సెప్పులేసుకుని రాం కదండి," అన్నాడు. "గట్టు మీదీ కాదు, మాదీ కాదు. కానీ మా వలలు ఆరేది ఇక్కడేనండి. సైకిళ్లు రావడానికి వీల్లేదండి."

మాట మాటకీ పెట్టిన ఆ 'అండి' ఆవిడని తిట్టు కంటే ఎక్కువ బాధపెట్టింది. తప్పు తనదని ఇంటికి చేరకముందే తెలిసింది. మర్నాడు వెళ్లి ఒక్క మాట అంటే తేలిపోయేది. గడ్డిమేటు కోసం అన్ని టీలు తాగిన మనిషి పాలేనికి మళ్లీ వెళ్లలేకపోయింది. మొహం చెల్లలేదు. కృపారాణి టీచరులో ఉన్న గొప్పతనాలన్నీ ఒప్పుకుంటూనే ఈ మాట కూడా చెప్పాలి. ఆవిడకి ఓర్పు ఉంది, తెగువ ఉంది, తను తప్పు చేశానని ఎదటి మనిషి మొహం మీద చెప్పే అలవాటే లేదు.

అందుకని చుట్టుదారి వెతికింది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. నీళ్లు ఆగిపోతే కాలువలోకి పొక్లెయిను దిగి పూడిక తీస్తుంది. పాలెం గట్టుకి కింద, కాలువ లోపలి వైపు సన్నటి అంచు ఒకటి ఉంది. దాని మీదుగా వెళ్తే వలల జోలికి పోనక్కర్లేదు. టీచరు పొక్లెయిను డ్రైవరుని బతిమాలి, తీసిన నల్లమట్టి ఆ అంచు మీద పోయించింది. నడిపేట ఆడవాళ్లు దాన్ని చదును చేసి దిమ్మిసలతో కొట్టారు. మండే ఎండకి అది గచ్చులా గట్టిపడి మెరిసిపోయింది. సుకుమార్ బృందం వచ్చి తొక్కి, శభాష్ అంది. పాపాయమ్మ వచ్చి మడమతో తన్ని చూసి, "బానే ఉందండి," అంది.

కాలువ పూడిక మట్టి వానకి తడిస్తే ఏమవుతుందో ఈ నేల మీద పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. నడిపేట ఆడవాళ్లకి తెలుసు, టీచరుకి తెలుసు, మడమతో తన్నిన పాపాయమ్మకీ తెలుసు. అంత ఎండలో అంత నున్నటి దారిని చూస్తే మాత్రం ఎవరికీ వాన గుర్తుకు రాలేదు.

బళ్లు తెరిచే ముందు రాత్రి కుండపోతగా కురిసింది. అప్పటికే కాలువకి నీళ్లు వదిలేశారు. పొద్దున్నకి ఆకాశం తేటపడింది. ముందు టీచరు, వెనక మెర్సీ, ఆ వెనక ఇంకో నలుగురు ఆడపిల్లలు కొత్త యూనిఫారాల్లో సైకిళ్లెక్కారు. అందరి వెనకా పాపాయమ్మ నడిచి వస్తోంది. చూస్తే గానీ నమ్మే మనిషి కాదు. మొదటి ముక్క హాయిగా సాగింది. వంతెన మీద పిల్లలు కేరింతలు కొట్టారు. పాలెం దగ్గర అంచు మీదకి దిగారు.

నాలుగు బారలు కూడా పోలేదు. బంకమట్టి చక్రాలకి చుట్టుకుంది, మడ్‌గార్డుల్లో కూరుకుపోయింది, చక్రం తిరగడం మానేసింది. టీచరు దిగింది. దిగిన కాలు బురదలోంచి రాలేదు. వెనక్కి తిరిగి "దిగండర్రా, దిగండి" అని అరుస్తూనే ఉంది, మెర్సీ సైకిలు పక్కకి జారింది. సైకిలూ పిల్లా కలిసి అంచు మీంచి జారి నిండు కాలువలోకి పోయారు.

పక్కనే రేవులో త్రిమూర్తులు కోడలు వీరవేణి చేపల గంపలు కడుక్కుంటోంది. గంప వదిలేసి నడుం లోతు నీళ్లలోకి దూకి, పిల్ల జడ దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజింది. మెర్సీ రేవు మెట్ల మీద పడి దగ్గుతూ ఏడ్చింది. టీచరు బురదలో పాకుతూ వచ్చి పిల్లని పట్టుకుంది. 

వీరవేణి ఊరుకోలేదు. "సదువుకున్నోరు కదండి మీరు! మమ్మల్ని ఇంకోపాలి అడగడానికి నామోషీ అయ్యి, పసిపిల్లల్ని నీళ్లలోంచి తీసుకెల్తారా? పాలెంలో మడుసులు లేరా?"

గట్టు మీద పాలెమంతా మూగింది. పాపాయమ్మ పరుగున వచ్చి మనవరాలిని ఒళ్లో వేసుకుంది. టీచరు వైపు చూడను కూడా చూడలేదు.  పిల్లకి ఏమీ కాలేదన్న ఊరట టీచరుకి ఒక పక్క, ఇక ఈ పిల్ల బడి మొహం చూడదన్న సంగతి ఇంకో పక్క. ఆవిడ లేచి, బురద కాళ్లతో మెట్లెక్కింది. గట్టు మీద రాత్రి వానకి తడిసిన వలలు ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిచి ఉన్నాయి. ఈసారి కింద చూసుకుని, వలలకి ఇవతలే ఆగింది. అవతల త్రిమూర్తులు నిలబడి ఉన్నాడు.

"పెద్దాయన గారూ," అంది. తన పిల్లలు వింటున్నారు, పాపాయమ్మ వింటోంది, ఊరంతా వింటోంది. "ఆ రోజు మీ వల దాటాను. తెలియక దాటాను, అది పోనివ్వండి. తెలిశాక మిమ్మల్ని తేలిక చేసి మాట్లాడాను. అది నా తప్పు. తప్పని తెలిసీ మీ దగ్గరికి రాలేక, ఈ పిల్లని చంపబోయాను. ఏం చెయ్యమంటే అది చేస్తానండి."

ఆవిడకి ఏడుపు ఆగలేదు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. బురద కొంగు, అద్దాలు ఇంకా పాడైపోయాయి.

 "పసుపు నీళ్లు ఆవేళే సల్లేసుకున్నామండి," అన్నాడు త్రిమూర్తులు. "మర్నాడొత్తారని సూశాను. మీరు రాలేదు."

"రాలేకపోయానండి."

"వల దాటకూడదు. అది మాత్రం మారదండి."

"మారమనను."

ఆయన వలల వంక చూశాడు. మెట్ల మీద వణుకుతున్న పిల్లని చూశాడు. తరవాత వెనక్కి తిరిగి గట్టిగా కేక వేశాడు. "ఒరేయ్, పడవ గెడలు అట్రండిరా!"

మగవాళ్లు ఇళ్ల మీంచి, పడవల్లోంచి పొడుగాటి వెదురు గెడలు తెచ్చారు. ఒక్కొక్క వల కిందికీ గెడలు దూర్చి, ఇటొకరు అటొకరు పట్టుకుని పైకి లేపారు. నీళ్లు కారుతూ వలలు లేచాయి. గట్టు పొడుగునా వరసగా లేచాయి. వాటి కింద మనిషి నిలబడి నడిచేంత చోటు ఏర్పడింది.

"కిందనుంచెల్తే దాటినట్టు కాదండి," అన్నాడు త్రిమూర్తులు. "మా పిల్లలు పుట్టిన కాణ్నించీ వల కిందే కదండి ఆడుకునేది. వలలు ఎత్తి కట్టడానికి సందేల లోపు గుంజలు పాతించేత్తాను. ఇయ్యాల్టికి మోత్తాం. ఎల్లండి, బడికి ఆలీసమైపోతంది."

నడిపేట పిల్లలు పుల్లలు విరిచి చక్రాల్లోంచి బంకమట్టి గీకడం మొదలుపెట్టారు. వీరవేణి తన కూతురి యూనిఫారం తెచ్చి మెర్సీకి తొడిగింది. కాస్త వదులైంది. టీచరు పాపాయమ్మ ముందుకి వెళ్లి నిలబడింది గానీ అడగడానికి నోరు రాలేదు. మళ్లీ అడగొద్దందిగా. పాపాయమ్మ మెర్సీ మొహం చూసింది. మెర్సీ ఏడుపు మానేసి, కాలువలోంచి తీసిన సైకిలు దగ్గర నిలబడి ఉంది. హ్యాండిలు వదలడం లేదు. పాపాయమ్మ వంగి ఆ సైకిలు మడ్‌గార్డులో వేళ్లు పెట్టి మట్టి తీసింది.

పిల్లలు సైకిళ్లెక్కి వలల కింద నుంచి వెళ్లారు. నెత్తిన చుక్కలు చుక్కలుగా నీళ్లు పడుతుంటే కిలకిలా నవ్వారు. తడిసిన వలల బరువుకి గెడలు వంగుతున్నాయి, అయినా చివరి పిల్ల దాటే దాకా ఎవరూ దించలేదు. టీచరు సైకిలెక్కలేదు. నడిపించుకుంటూ, ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టుకుంటూ వెళ్లింది. ఆవిడ పక్కన పాపాయమ్మ.

హైస్కూలు చేరేసరికి గంట కొట్టేశారు. పిల్లలు సైకిళ్లు గోడకి చేరేసి లోపలికి పరిగెత్తారు. మెర్సీ మాత్రం గేటు దగ్గర ఆగి నాయనమ్మ వైపు చూసింది. పాపాయమ్మ చెయ్యూపింది. పిల్ల వెళ్లిపోయింది. మోకాళ్ల దాకా బురదతో ఇద్దరు ఆడవాళ్లు గేటు బయట మిగిలారు.

"టీచరు గారూ, రేపు నేను రానండి," అంది పాపాయమ్మ.

టీచరు బతిమాలబోయింది. "పాపాయమ్మా..." అంది.

"నాకు ఆకుమడిలో నారు పోసే పనుందండి. ఇంక నేనెందుకు, దానికి దారి తెలిసిందిగా."